అప్‌గ్రేడ్ అయ్యాక టచ్‌ప్యాడ్ మాట వినట్లేదా?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాంతో చాలామంది ఉన్న లాప్‌టాప్‌లోనే విండోస్ 11 వేసుకున్నారు. దానికి నెల రోజుల ముందే మ్యాక్ కంప్యూటర్లకు టాహో అనే కొత్త వెర్షన్ వచ్చింది. అందుకేనేమో, ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే బాధ గురించి: వేళ్లకు అలవాటైన సైగ చేస్తే వేరే పని జరుగుతోంది, లేదంటే అసలేమీ జరగట్లేదు.

జవాబులకు ముందు ఒక మాట. అప్‌గ్రేడ్ తర్వాత సైగ పనిచేయకపోవడానికి మూడు కారణాలుంటాయి. సెట్టింగ్ మారి ఉండొచ్చు, డ్రైవర్ (కంప్యూటర్ చేత ఆ పరికరాన్ని నడిపించే చిన్న ప్రోగ్రాం) మారి ఉండొచ్చు, లేదా తయారుచేసినవాళ్లు ఆ సదుపాయాన్నే తీసేసి ఉండొచ్చు. మొదటిది రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. రెండోదానికి ఓపిగ్గా కూర్చోవాలి. మూడోదాన్ని ఎంత వెతికినా దొరకదు, వేరే దారి చూసుకోవాల్సిందే. మీది ఏ రకమో ముందు తేల్చుకుంటే సగం శ్రమ తప్పుతుంది. విండోస్ వాళ్లు టచ్‌ప్యాడ్ అంటారు, మ్యాక్ వాళ్లు ట్రాక్‌ప్యాడ్ అంటారు. వస్తువు ఒకటే.

ప్రశ్న: విండోస్ 11కి మారాక, పని చేస్తూ చేస్తూ ఉండగా తెరిచి ఉన్న కిటికీలన్నీ ఒక్కసారిగా మాయమై ఖాళీ డెస్క్‌టాప్ కనిపిస్తోంది. ట్యాలీ, ఎక్సెల్ రెండూ మూసుకుపోయాయేమోనని ప్రతిసారీ గుండె గుభేలంటోంది. ఎందుకిలా? – అకౌంటెంట్, విజయవాడ

ఏదీ మూసుకుపోలేదు, కంగారు పడకండి. మూడు వేళ్లు ఆనించి కిందికి జరిపితే తెరిచి ఉన్నవన్నీ కిందికి దిగిపోయి డెస్క్‌టాప్ కనిపిస్తుంది. రెండు వేళ్లతో స్క్రోల్ చేస్తున్నప్పుడు మూడో వేలు పొరపాటున తగిలినా ఇదే జరుగుతుంది. అవే మూడు వేళ్లను పైకి జరపండి, అన్నీ తిరిగి వస్తాయి. కీబోర్డుతో అయితే విండోస్ కీ, డి కలిపి ఒకసారి నొక్కితే దిగుతాయి, మళ్లీ నొక్కితే లేస్తాయి.

మూడు వేళ్లు పైకి జరిపినా రాకపోతే మీరు వేరే వర్చువల్ డెస్క్‌టాప్‌లోకి, అంటే వేరే కిటికీలు పెట్టుకునే మరో డెస్క్‌టాప్‌లోకి, వెళ్లి ఉంటారు. నాలుగు వేళ్లను పక్కకు జరిపితే డెస్క్‌టాప్ మారుతుంది. మీ ట్యాలీ పక్క డెస్క్‌టాప్‌లో నిక్షేపంగా ఉంటుంది. విండోస్, కంట్రోల్ కీలు పట్టుకుని ఎడమ బాణం గానీ కుడి బాణం గానీ నొక్కితే అక్కడికి చేరతారు. రెండో డెస్క్‌టాప్ మీకు అక్కర్లేకపోతే విండోస్ కీ, ట్యాబ్ కలిపి నొక్కండి. తెర కింది భాగంలో డెస్క్‌టాప్‌ల చిన్న బొమ్మలు కనిపిస్తాయి. అక్కర్లేనిదాని మీద ఇంటూ గుర్తు నొక్కితే అందులో ఉన్న కిటికీలు పక్కదానిలోకి వస్తాయి, ఏదీ పోదు. ఒకే డెస్క్‌టాప్ మిగిలాక నాలుగు వేళ్లతో ఎడమకు జరిపినా కుడికి జరిపినా ప్రమాదం లేదు.

ఈ సైగలను మార్చుకునే చోటు: సెట్టింగ్స్‌లో బ్లూటూత్ అండ్ డివైసెస్, అందులో టచ్‌ప్యాడ్. విండోస్ 10లో ఇది డివైసెస్ కింద ఉండేది, అందుకే కొందరికి కనపడదు. ఆ పేజీలో త్రీ ఫింగర్ జెస్చర్స్, ఫోర్ ఫింగర్ జెస్చర్స్ అని రెండు వరుసలుంటాయి. స్వైప్స్ దగ్గర నథింగ్ ఎంచుకుంటే ఆ సైగలు మొత్తం ఆగిపోతాయి. కానీ మీలా రెండు ప్రోగ్రాముల మధ్య రోజంతా తిరిగేవారికి మూడు వేళ్ల పక్క కదలిక చాలా ఉపయోగం. చటుక్కున జరిపితే ఇంతకుముందు చూసిన ప్రోగ్రాముకు పోతుంది. నిదానంగా జరిపి వేళ్లు ఎత్తకుండా ఉంచితే తెరిచి ఉన్నవన్నీ వరుసగా కనిపిస్తాయి, కావలసినదాని దగ్గర వేళ్లు తీయొచ్చు. అందుకని మొత్తం ఆపేయకుండా, అదే పేజీలో కింద ఉన్న అడ్వాన్స్‌డ్ జెస్చర్స్‌లోకి వెళ్లండి. అక్కడ పైకి, కిందికి, ఎడమకు, కుడికి ఒక్కో దిశకూ విడిగా పని కేటాయించవచ్చు. కిందికి అన్నదానికి నథింగ్ పెట్టి మిగతా మూడింటినీ అలాగే ఉంచేయండి. మీ గుండె దడకు మందు అదే.

మూడు వేళ్లతో తట్టినప్పుడు సెర్చ్ తెరుచుకోవడం మీకు చికాకైతే దానికి మిడిల్ మౌస్ బటన్ ఇచ్చి చూడండి. బ్రౌజర్‌లో లింకు మీద మూడు వేళ్లతో తడితే అది కొత్త ట్యాబ్‌లో తెరుచుకుంటుంది. ట్యాబ్ పేరు మీద తడితే అది మూసుకుంటుంది. ఒకసారి పట్టుబడితే వదలబుద్ధి కాదు.

ప్రశ్న: మీరు ఎప్పుడూ చెప్పే త్రీ ఫింగర్ జెస్చర్స్ నా లాప్‌టాప్‌లో లేనే లేవు. టచ్‌ప్యాడ్ పేజీలో వేగం మార్చే గీత తప్ప ఏమీ కనిపించడం లేదు. విండోస్ 10లో ఉండేవి. కొన్నిసార్లు టచ్‌ప్యాడ్ అసలే కదలదు. – డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

ఇది డ్రైవర్ సమస్య. విండోస్ నేరుగా సైగలను గుర్తించాలంటే అది ప్రెసిషన్ టచ్‌ప్యాడ్ అయి ఉండాలి. విండోస్ 8.1 కాలంలో, 2013లో వచ్చిన పద్ధతి అది. అంతకుముందు సైనాప్టిక్స్, ఎలాన్ వంటి కంపెనీల డ్రైవర్లే సైగలను చూసుకునేవి, వాటి సెట్టింగులకు వేరే కిటికీ ఉండేది. అప్‌గ్రేడ్‌లో ఆ డ్రైవర్ పోయి విండోస్ తనకు తెలిసిన సాధారణ మౌస్ డ్రైవర్ వేసేస్తే, వేలు కదిపితే బాణం కదులుతుంది గానీ మూడు వేళ్ల సంగతి దానికి తెలియదు.

ముందు తేలిక కారణాలు చూడండి. అసలే కదలని సందర్భాల్లో యూఎస్‌బీ మౌస్ గుచ్చి ఉందా? టచ్‌ప్యాడ్ పేజీలో, మౌస్ ఉన్నా టచ్‌ప్యాడ్ పనిచేయాలన్న గడి ఒకటుంటుంది. దాని టిక్ పోతే మౌస్ రిసీవర్ పెట్టగానే టచ్‌ప్యాడ్ ఆగిపోతుంది. కీబోర్డు పై వరుసలో టచ్‌ప్యాడ్ బొమ్మ ఉన్న కీ ఉంటే, ఎఫ్ఎన్‌తో కలిపి ఒకసారి నొక్కి చూడండి.

అవి కాకపోతే విండోస్ కీ, ఎక్స్ నొక్కి డివైస్ మేనేజర్ తెరవండి. హ్యూమన్ ఇంటర్‌ఫేస్ డివైసెస్ కింద హెచ్ఐడీ కంప్లయంట్ టచ్ ప్యాడ్ అన్న వరుస కనిపిస్తే మీది ప్రెసిషన్ రకమే. అది లేకుండా, ఐ2సీ హెచ్ఐడీ డివైస్ పక్కన పసుపు త్రికోణం ఉండి, దాని మీద రెండుసార్లు నొక్కితే కోడ్ 10 అని వస్తుంటే, ప్రాసెసర్‌కూ టచ్‌ప్యాడ్‌కూ మధ్య ఉండే సీరియల్ ఐఓ డ్రైవర్‌ను అనుమానించండి. చాలామంది టచ్‌ప్యాడ్ డ్రైవర్ ఒక్కటే పదేపదే వేసి విసిగిపోయేది ఇక్కడే. లాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ నంబరు కొట్టి, ముందు చిప్‌సెట్, సీరియల్ ఐఓ డ్రైవర్లు వేయండి. రీస్టార్ట్ చేయండి. ఆ తర్వాతే టచ్‌ప్యాడ్ డ్రైవర్. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ఆప్షనల్ అప్‌డేట్స్‌లో కూడా ఒకసారి చూడండి. కావలసిన డ్రైవర్ అక్కడే ఉండి ఎవరూ టిక్ పెట్టకపోవడం మామూలే.

షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయడం వేరు, రీస్టార్ట్ వేరు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ కొంత స్థితిని దాచుకుని మళ్లీ అదే తెస్తుంది. డ్రైవర్ పని చేశాక తప్పకుండా రీస్టార్టే నొక్కండి.

డ్రైవర్ మార్చాకే పరిస్థితి పాడైతే, డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం ప్రాపర్టీస్, డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ ఉంటుంది. విండోస్ 10కే వెనక్కి పోవాలంటే అప్‌గ్రేడ్ అయిన 10 రోజుల లోపు సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో గో బ్యాక్ ఉంటుంది. గడువు దాటినా, డిస్క్ శుభ్రం చేస్తూ పాత విండోస్ ఫైళ్లు తీసేసినా ఆ దారి మూసుకుపోతుంది. టచ్‌ప్యాడ్ కోసం మద్దతు లేని విండోస్‌కు వెనక్కి పోవడం మాత్రం నేను సమర్థించను. అలాగే వేరే కంపెనీ మోడల్ డ్రైవర్‌ను బలవంతంగా ఎక్కించే చిట్కాలు వీడియోల్లో కనిపిస్తాయి, వాటి జోలికి పోవద్దు. కొన్ని యంత్రాల్లో టచ్‌ప్యాడ్ పూర్తిగా పడుకుంటుంది.

ఈ పనులన్నీ చేసేటప్పుడు చేతిలో ఒక యూఎస్‌బీ మౌస్ ఉంచుకోండి.

ప్రశ్న: ఆఫీసులో విండోస్, ఇంట్లో మ్యాక్. ఒకచోట కిందికి అంటే కిందికి, ఇంకోచోట కిందికి అంటే పైకి. మ్యాక్‌లో ట్రాక్‌ప్యాడ్‌కు ఒక దిశ, మౌస్‌కు ఇంకో దిశ పెట్టుకోలేమా? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్

దీని మూలం 2011లో ఉంది. ఆ జులైలో వచ్చిన మ్యాక్ ఓఎస్ ఎక్స్ లయన్‌తో యాపిల్ స్క్రోల్ దిశను తిప్పేసింది. అంతకుముందు మన వేలు పక్కనున్న స్క్రోల్ బార్‌ను లాగుతున్నట్టు లెక్క. వేలు కిందికి పోతే బార్ కిందికి, కాగితం పైకి. లయన్ నుంచి వేలు కాగితాన్నే జరుపుతున్నట్టు లెక్క, ఫోన్‌లో జరిపినట్టే. దానికి న్యాచురల్ స్క్రోలింగ్ అని పేరు పెట్టారు.

మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, ట్రాక్‌ప్యాడ్, స్క్రోల్ అండ్ జూమ్‌లో ఈ స్విచ్ ఉంది. మౌస్ పేజీలోనూ ఉంది. చూడటానికి రెండు స్విచ్‌లు, లోపల ఒకటే. ఇక్కడ తీస్తే అక్కడా పోతుంది. విండోస్ అలా కాదు, టచ్‌ప్యాడ్ పేజీలో స్క్రోల్ అండ్ జూమ్ కింద ఉన్న స్క్రోలింగ్ డైరెక్షన్ మారిస్తే మౌస్ చక్రం దిశ మారదు.

కాబట్టి తేలిక దారి ఆఫీసు టచ్‌ప్యాడ్‌ను మార్చడమే. ఫోన్ ఎలాగూ చేతిలో ఉంటుంది కనుక మూడూ ఒకే దిశలో నడుస్తాయి. మ్యాక్‌కే మౌస్ కూడా వాడుతూ దానికి పాత దిశ కావాలంటే స్క్రోల్ రివర్సర్ అనే ఉచిత ప్రోగ్రాం రెండింటినీ విడదీస్తుంది. దానికి ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో యాక్సెసిబిలిటీ అనుమతి ఇవ్వాలి. పెద్ద అప్‌గ్రేడ్ తర్వాత అది పనిచేయడం మానేస్తే ముందు ఆ అనుమతిని ఒకసారి తీసి మళ్లీ ఇవ్వండి. చాలాసార్లు అంతకుమించి ఏమీ అక్కర్లేదు.

దిశ మార్చాక ఒక వారమైనా దాన్ని కదపకండి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి పెట్టుకుంటే వేళ్లు రెండింటినీ నేర్చుకోవు.

ప్రశ్న: మ్యాక్ టాహోకి మారాక బొటనవేలు, మూడు వేళ్లు దగ్గరికి చేర్చితే లాంచ్‌ప్యాడ్ బదులు ఇంకేదో వస్తోంది. నేను పెట్టుకున్న ఫోల్డర్లు లేవు. పాతది తెచ్చుకునే సెట్టింగ్ ఎక్కడుంది? కొత్త మ్యాక్‌లో మూడు వేళ్లతో కిటికీని లాగడం కూడా రావట్లేదు. – డిజైనర్, విశాఖపట్నం

మొదటిదానికి సెట్టింగ్ లేదు. టాహో అంటే మ్యాక్ ఓఎస్ 26, 2025 సెప్టెంబర్‌లో విడుదలైంది. అందులో, ప్రోగ్రాముల బొమ్మలన్నీ తెర నిండా చూపే లాంచ్‌ప్యాడ్‌ను తీసేశారు. సైగ పాతదే, తెరుచుకునేది యాప్స్ అనే కొత్త కిటికీ. అది ప్రోగ్రాములను తనే వర్గాలుగా సర్దుతుంది, మనం ఫోల్డర్లు కట్టే వీలు లేదు. ఏళ్ల తరబడి ఏ బొమ్మ ఎక్కడుందో చూడకుండా వేలు పెట్టినవాళ్లకు ఇది నిజంగా నష్టమే.

దగ్గరి ప్రత్యామ్నాయం డాక్, అంటే తెర అంచున ఉండే బొమ్మల వరుస. డాక్యుమెంట్స్‌లో ఒక ఫోల్డర్ చేసి, అప్లికేషన్స్ నుంచి కావలసినవాటిని ఆప్షన్, కమాండ్ కీలు పట్టుకుని అందులోకి లాగండి. ప్రోగ్రాం కదలదు, దానికి ఏలియస్ (షార్ట్‌కట్) తయారవుతుంది. ఆ ఫోల్డర్‌ను డాక్‌లో గీతకు కుడివైపు వదలండి. దాని మీద రైట్ క్లిక్ చేసి డిస్‌ప్లే యాజ్ దగ్గర ఫోల్డర్, వ్యూ కంటెంట్ యాజ్ దగ్గర గ్రిడ్ ఎంచుకోండి. బొమ్మల పనికి ఒకటి, అచ్చు పనికి ఒకటి అని రెండు మూడు ఫోల్డర్లు పెట్టుకుంటే మీ పాత అమరిక చాలావరకు తిరిగొచ్చినట్టే.

రెండోది మాత్రం ఉంది, దాగి ఉంది. మూడు వేళ్ల లాగుడును యాపిల్ 2015 ప్రాంతంలో ట్రాక్‌ప్యాడ్ పేజీ నుంచి యాక్సెసిబిలిటీకి మార్చింది. సిస్టమ్ సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, పాయింటర్ కంట్రోల్, ట్రాక్‌ప్యాడ్ ఆప్షన్స్‌కు వెళ్లండి. యూజ్ ట్రాక్‌ప్యాడ్ ఫర్ డ్రాగింగ్ ఆన్ చేసి, డ్రాగింగ్ స్టైల్‌లో త్రీ ఫింగర్ డ్రాగ్ ఎంచుకోండి. చేసిన వెంటనే ఇంకో మార్పు జరుగుతుంది: తెరిచి ఉన్న కిటికీలన్నీ ఒకేసారి చూపే మిషన్ కంట్రోల్‌కూ, ఫుల్ స్క్రీన్ ప్రోగ్రాముల మధ్య జరగడానికీ వాడే మూడు వేళ్ల సైగలు నాలుగు వేళ్లకు మారతాయి. ఒకే కదలికకు రెండు పనులు ఇవ్వలేరు గనుక అలా చేశారు. ఏదో చెడిపోయిందని మళ్లీ ఆపేయకండి, నాలుగో వేలు కలపండి.

ప్రశ్న: ఉబుంటు 20.04 నుంచి 24.04కి వచ్చాను. కుడి కింది మూల నొక్కితే రైట్ క్లిక్ రావట్లేదు. – ఉపాధ్యాయుడు, నల్గొండ

సెట్టింగ్స్, మౌస్ అండ్ టచ్‌ప్యాడ్, టచ్‌ప్యాడ్ ట్యాబ్‌లో సెకండరీ క్లిక్ అని ఉంటుంది. టూ ఫింగర్ పుష్ తీసి కార్నర్ పుష్ పెట్టండి. ఈ ఎంపిక, ఉబుంటు డెస్క్‌టాప్‌ను నడిపే గ్నోమ్ 46తో సెట్టింగ్స్‌లోకి వచ్చింది, 24.04లో ఉన్నది అదే. ఇంకో తేడా కూడా మీకు ఎదురవుతుంది. 20.04లో వర్క్‌స్పేస్‌లు, అంటే విడివిడి డెస్క్‌టాప్‌లు, ఒకదాని కింద ఒకటి ఉండేవి. 2021లో వచ్చిన గ్నోమ్ 40 నుంచి పక్కపక్కన ఉన్నాయి. మూడు వేళ్లు పక్కకు జరిపితే అవి మారతాయి, పైకి జరిపితే ఓవర్‌వ్యూ, ఇంకోసారి పైకి అంటే ప్రోగ్రాముల జాబితా. ఇవేవీ రాకపోతే లాగౌట్ అయి, పాస్‌వర్డ్ కొట్టే చోట మూలనున్న చక్రం గుర్తులో ఉబుంటు ఆన్ జోర్గ్ ఎంపికై ఉందేమో చూడండి. ఆ సెషన్‌లో ఈ సైగలు నడవవు. ఉత్త ఉబుంటు ఎంచుకుని లాగిన్ అవ్వండి.

ప్రశ్న: తెలుగు టైప్ చేస్తుంటే కర్సర్ ఎగిరి వేరే వాక్యంలో పడుతోంది. వత్తులన్నీ విడిపోతున్నాయి. విండోస్ 11 వచ్చాకే మొదలైంది. – అనువాదకురాలు, తిరుపతి

అరచేయి టచ్‌ప్యాడ్‌కు తగిలితే దాన్ని తట్టడంగా లెక్కిస్తోంది. ఇంగ్లిష్ రాసేవారికి ఒక అక్షరం పక్కకు పోతుంది, అంతే. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికలో ష్ట రాయాలంటే ష, పొల్లు, ట మూడూ వరుసగా పడాలి. పొల్లుకూ ట కూ మధ్య కర్సర్ కదిలితే ఇక్కడ ష్ మిగులుతుంది, అక్కడెక్కడో ట పడుతుంది. ఒక్క తడబాటు రెండు మాటలను పాడుచేస్తుంది.

టచ్‌ప్యాడ్ పేజీలో ట్యాప్స్ తెరిచి టచ్‌ప్యాడ్ సెన్సిటివిటీని మీడియం నుంచి లో సెన్సిటివిటీకి (తక్కువకు) మార్చండి. అలా చేస్తే టైపింగ్ సమయంలో తగిలే పొరపాటు తాకిడిని విండోస్ ఎక్కువగా వదిలేస్తుంది. చాలకపోతే, ఒక వేలితో తడితే క్లిక్ అవడాన్ని ట్యాప్స్ కిందే తీసేసి, నొక్కి క్లిక్ చేయడం అలవాటు చేసుకోండి. రోజంతా టైపింగే పనైన వారికి నా సలహా ఇదే.

ఇంకా ఎగురుతుంటే చార్జర్ తీసి బ్యాటరీ మీద 10 నిమిషాలు టైప్ చేయండి. అప్పుడు బాగుంటే లోపం విండోస్‌ది కాదు. ఎర్త్ సరిగా లేని ప్లగ్ పాయింట్, నాసిరకం చార్జర్ టచ్‌ప్యాడ్‌కు అలజడి పంపిస్తాయి, ఎందుకంటే అది వేలి విద్యుత్ ప్రభావాన్ని కొలిచే పరికరం. మూడు పిన్నుల చార్జర్‌ను రెండు పిన్నుల అడాప్టర్‌లో పెట్టి వాడుతుంటే అది మానేయండి. చెమట, తడి, నూనె కూడా ఇలాగే చేస్తాయి.

ఒక్కటి మాత్రం పరీక్షగా చూడండి. టచ్‌ప్యాడ్ ఒకవైపు ఉబ్బినట్టు పైకి లేచిందా? నొక్కితే గట్టిగా ఉండి క్లిక్ దిగడం లేదా? లాప్‌టాప్ బల్ల మీద సమంగా కూర్చోవడం లేదా? చాలా లాప్‌టాప్‌ల్లో టచ్‌ప్యాడ్ కింద బ్యాటరీ ఉంటుంది. అది ఉబ్బితే టచ్‌ప్యాడ్‌ను పైకి తోస్తుంది. ఈ లక్షణాలుంటే చార్జింగ్ ఆపి, ఆఫ్ చేసి, దాన్ని అదిమి కూర్చోబెట్టే ప్రయత్నం చేయకుండా సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి. ఉబ్బిన బ్యాటరీకి సూది తగిలినా మంటలు రావచ్చు.

ప్రశ్న: మా అమ్మగారికి 68 ఏళ్లు. విండోస్ 11కి అప్‌గ్రేడ్ చేసి ఇచ్చాను, ఇప్పుడు లాప్‌టాప్ ముట్టుకోవడానికే భయపడుతున్నారు. – ఒక పాఠకుడు, డాలస్

మూడు వేళ్లవీ నాలుగు వేళ్లవీ అన్నీ నథింగ్ పెట్టండి, తట్టడాలతో సహా. రెండు వేళ్లతో చిటికెలా విప్పితే జూమ్ అయ్యే ఎంపికనూ స్క్రోల్ అండ్ జూమ్‌లో తీసేయండి. అక్షరాలు హఠాత్తుగా పెద్దవై బెదరగొట్టేది అదే. అక్షరాలు నిజంగా పెద్దవి కావాలంటే సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, టెక్స్ట్ సైజులో శాశ్వతంగా పెంచండి. ఒక వేలితో కదపడం, రెండు వేళ్లతో స్క్రోల్ చేయడం, రెండు వేళ్లతో తట్టితే రైట్ క్లిక్, ఈ మూడే ఉంచండి. స్క్రోల్ దిశ ఆమె ఫోన్‌తో కలిసేలా పెట్టండి. కర్సర్ స్పీడ్ కొంచెం తగ్గించండి.

సెట్ చేశాక ఆ టచ్‌ప్యాడ్ పేజీని ఫోన్‌తో ఫొటో తీసి మీ దగ్గర ఉంచుకోండి. తర్వాతి పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు ఏది మారిందో పక్కన పెట్టి చూసుకుని, దూరం నుంచే ఫోన్‌లో ఆమెకు చెప్పొచ్చు.